దేవిడీలో భోజనాల గది ఎక్కడ?

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. చరిత్ర చెప్పి చెప్పి గొంతు పోవడమే గానీ, ఆ చరిత్ర నాకు ఏనాడూ ఒక పూట భోజనం పెట్టలేదు. అందుకే ఒక ఆదివారం పొద్దున న్యూస్ పేపర్లోంచి ‘నవాబుల విందుశాలలో మీ భోజనం’ అన్న కరపత్రం జారిపడగానే ప్రయాణం ఖాయం చేసుకున్నాను. గచ్చిబౌలి దాటాక నార్సింగి దారిలో ఉన్న పాత దేవిడీని, అంటే నవాబుల భవంతిని, ఎవరో కొని హోటలుగా మార్చారట. మావారికి ఆ రోజు క్రికెట్ మ్యాచ్. “నువ్వెళ్లి చూసిరా, బాగుంటే ఇద్దరం వెళదాం” అన్నారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

పదిన్నరకు కేపీహెచ్‌బీ కాలనీలో బస్సెక్కి మియాపూర్‌లో దిగాను. గచ్చిబౌలి బస్సు కోసం అక్కడ అరగంట ఎండలో నిలబడాల్సి వచ్చింది. నా గొడుగు ఉండబట్టి సరిపోయింది, వెళ్లేవాళ్లు మరిచిపోకండి. కొండాపూర్‌లో అరవై ఏళ్ల ఒకావిడ ఎక్కింది. కొత్త జరీ చీర, మడతలు కూడా ఇంకా పోలేదు.

“జర జరుగు బిడ్డా” అంటూ నా పక్కన కూర్చుంది. పేరు బాలమ్మ. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడకు ఆమె కొడుకు కాపలా ఉంటాడట. నేను ఎక్కడికి వెళ్తున్నానో చెప్పగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నేను గూడ ఆడికే! పెండ్లి గాకముందు ఆ దేవిడిల మూడేండ్లు పని చేసిన. వంటింట్లకెళ్లి గిన్నెలు మోసుకొచ్చి భోజనాల గది గడప కాడ పెట్టేదాన్ని. ఒక్కనాడు గడప దాటనియ్యలే. గిప్పుడు పైసలిస్తే ఎవలనైన కూసోబెడతరంట గద. ఇగ కూసుంట!”

గచ్చిబౌలిలో సెవెన్ సీటర్ ఆటో ఎక్కాం. ఏడుగురి బండిలో పదకొండు మందిమి రాళ్లగుట్టల మధ్య ఎగిరెగిరి పడుతూ, పన్నెండున్నరకు దేవిడీ ముందు దిగాం.

తెల్ల సున్నం, ఎత్తయిన కమానులు, ఎడమ పక్క ఖాళీ స్థలంలో వరసగా కార్లు. లోపల పొడవాటి హాలు, మఖమల్ తెరలు, గోడకు రెండు కత్తులు. షేర్వాణీ తొడుక్కున్న మేనేజరు ఎదురొచ్చాడు. మాట వింటే విజయవాడ మనిషని తెలిసిపోతోంది.

“రండి మేడమ్, రండమ్మా. నవాబు గారి ఖాస్ భోజనశాల ఇదేనండి. ఇక్కడే బంగారు పళ్లాల్లో భోంచేసేవారండి.”

బాలమ్మ పైకప్పు చూసింది, మూలలు చూసింది.

“ఏంది సారూ, గిట్ల చెప్తున్నవ్? ఇది బియ్యం కొట్టు గద! నేను ఆ మూలకు కూసొనే రాళ్లేరిన.”

పక్క టేబుల్ దగ్గరి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల చెంచాలు ఆగిపోయాయి. ఆమె చూపించిన మూల వాళ్లదే. వారం ముందే బుక్ చేసుకున్న ‘రాయల్ టేబుల్’ అట.

“మీరేదో పొరబడ్డారమ్మా” అన్నాడు మేనేజరు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ.

“మరి అసలు భోజనాల గది ఎక్కడుండేది పెద్దమ్మా?” అని అడిగాను.

ఆమె వంటింటి పెరటి తలుపు దగ్గరికి వెళ్లింది. గిన్నె మోస్తున్నట్టు చేతులు ముందుకు చాపి, అక్కడి వసారా వెంట నడిచి బయటికొచ్చి, సరిగ్గా ఒక తెల్ల మారుతి కారు వెనక ఆగింది. ముఖం వాడిపోయింది.

“ఈడ్నే గడప. గోడలేవి సారూ?”

“మేం కొనేటప్పటికే ఇటువైపు కూలిపోయిందండి. మట్టి పోయించి పార్కింగ్ చేశాం.”

ఆమె కొత్త చీర కొంగు చేత్తో నలుపుతూ నిలబడిపోయింది. ఏం చెయ్యాలో తోచక నేను గొడుగు కొనతో మట్టి గీకాను. కింద నల్ల రాయి తగిలింది, దాని పక్కనే తెల్ల రాయి. ఇంకాస్త గీకితే మళ్లీ నలుపు. మేనేజరు షేర్వాణీ సంగతి మరిచి మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోశాడు. “అరెరే, చదరంగం బల్లలా ఉందండీ!”

బాలమ్మ కుచ్చిళ్లు పైకెత్తి, లేని గడపను కుడికాలితో దాటింది.

“ఈడ్నే తింట. నవాబు కుర్సీ ఈడ్నే ఉండె. జర ఆ కారు తీయించు సారూ.”

“ఎండండీ! కార్ల మధ్య భోజనమేంటమ్మా?”

“నేను చరిత్ర చెప్పే టీచర్నండి. ఆవిడ మాట నిజం” అన్నాను, పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పటి గొంతుతో. అప్పటికే మా వెనక వచ్చిన రాయల్ టేబుల్ కుర్రాడొకడు, ఆ కారు తనదే కావడంతో, నవ్వుతూ తాళాలు పట్టుకుని పరుగెత్తాడు.

బల్ల వచ్చింది, తెల్ల గుడ్డ వచ్చింది. నా గొడుగు కింద బాలమ్మ నిటారుగా కూర్చుంది. సాలన్ అనే నువ్వుల పులుసు కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత “టీచరమ్మకు గూడ కుర్సీ ఎయ్యుండ్రి” అని నవాబులా ఆజ్ఞాపించింది. పావుగంట తిరిగేసరికి రాయల్ టేబుల్ వాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని పార్కింగ్‌లోకి వచ్చేశారు. మేనేజరు కాగితం, పెన్నూ తెచ్చుకుని ఒక్కో గదీ అడిగి రాసుకున్నాడు. బోర్డు మీద ‘బేగం గారి మందిరం’ అని ఉన్నది బొగ్గుల గదని తేలింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. వెళ్లదలచినవాళ్లకు నా మాట: భవంతి అందంగా ఉంది, మనుషులు మంచివాళ్లు. గోడల మీద రాసిన చరిత్ర మాత్రం భోంచేశాకే చదవండి, నవ్వొస్తే పొలమారుతుంది. పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను గానీ, రాజుల బియ్యంలో రాళ్లేరినవాళ్లను అడిగి తెలుసుకోవాలని నాకు తోచలేదు.

బస్సులో కొండాపూర్ స్టాపు దగ్గరపడింది.

“మళ్లీ ఒకసారి వెళదామా పెద్దమ్మా?”

“పోదాం బిడ్డా. గీసారి కూసునుడు గాదు, సక్కగ వంటింట్లకే పోవాలె” అంది బాలమ్మ లేస్తూ. “ఆ సాలన్‌ల నువ్వులు ఎవడు ఏంచిండో గని, వానికి జర నేర్పిచ్చి రావాలె.”