గన్నేరు పూల నీళ్లు

రెండు వేల ఐదులో మేము జూలూరుపాడులో ఉండేవాళ్లం. వసారాలో కుండీలో పెంచుకున్న గన్నేరు మొగ్గలను సాయంత్రమే కోసి, ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి ఉంచేదాన్ని. పొద్దున రామయ్య పూజకు చక్కగా విచ్చుకునేవి.

ఒకరోజు పూలు తీశాక మిగిలిన నీళ్లలో మా పిల్లి గౌరి మూతి పెట్టింది. అది ఈని వారమే అయింది.

"పూజ గిన్నె ఎంగిలి చేస్తున్నది, ఎల్లగొట్టవేందే?" అని అత్తమ్మ కసిరింది.

"బాలింత గదా అత్తమ్మా, తాగనీ. దేవుడి పూల నీళ్లేనాయె" అన్నాను.

మధ్యాహ్నానికి గౌరి సొంగ కార్చుకుంటూ కూలబడింది. కొంగులో చుట్టుకొని పశువుల దవాఖానాకు పరుగెత్తాను.

"గన్నేరు నీళ్లా! ఆకు, పువ్వు, అవి నానిన నీళ్లు, అన్నీ విషమేనమ్మా" అంటూ డాక్టరు సూది వేశాడు. అయినా నా ఒళ్లోనే గౌరి ప్రాణం పోయింది.

ఇంటికొస్తే గంపలో కళ్లు తెరవని రెండు పిల్లలు అరుస్తున్నాయి. దీపానికి చేసుకున్న వత్తులను మేకపాలలో ముంచి అత్తమ్మే వాటికి పట్టింది. ఒకటి దక్కింది.

గన్నేరును ఆ రోజే పీకేశాను. ఆ ఒక్కదాన్ని మిగిల్చినందుకు దేవుడికి దండం పెడతాను. "నేను చెప్పిన గదా" అని తాను పోయేదాకా ఒక్కసారి కూడా అనని అత్తమ్మకు అంతకన్నా ముందు పెడతాను.