గంటకొకసారి చూస్తే కనపడని తలుపు

ఆఫీసులో చేరి ఏడాదైనా నేను మీటింగులో నోరు తెరిచింది లేదు. నరసరావుపేటలో మాది చిన్న ఆఫీసు. కోల్డ్ స్టోరేజీలకు గోడ ఎంత మందం ఉండాలో, చల్లబరిచే మిషను ఎంతది పెట్టాలో కంప్యూటర్‌లో లెక్క కట్టి చెబుతాం. లెక్క నడపడం నా పని, మాట్లాడడం సారు పని. ఆ ఏర్పాటు నాకు హాయిగానే ఉండేది. మధ్యాహ్నం బాక్సు తిన్నాక సొరుగులోంచి నవల తీసి నాలుగు పేజీలు చదువుకొనేదాన్ని.

అలాంటి రోజుల్లో రాజుపాలెం దగ్గర కట్టే మిరప కోల్డ్ స్టోరేజీ పని వచ్చింది. ఓనరు మా ఊరివాడే, నాకు వరసకు పెదనాన్న. చిన్న మిషను సరిపోతుందని మా మొదటి లెక్క తేల్చింది. ఆయన సోమవారం ఆర్డరు పెట్టేస్తానన్నాడు. అప్పటికి తలుపు సంగతి లెక్కలో చేర్చలేదు.

సీజన్లో మిరప బస్తాలు, మా వైపు టిక్కీలంటాం, మోసుకెళ్లి లోపల పేర్చేది ముఠా కూలీలు. బయట మండే ఎండ, లోపల ఎముకలు కొరికే చలి. అందుకని అరగంట లోపల పని, అరగంట బయట పని. పెదనాన్న పాత స్టోరేజీలో ఏళ్లుగా ఇదే పద్ధతి. ఎనిమిదింటికి టీ తాగి, ఎనిమిదింబావుకు తలుపు తీస్తారు. పావు తక్కువ తొమ్మిదికి మూస్తారు. మళ్లీ తొమ్మిదింబావుకు తీస్తారు. సాయంత్రం దాకా అంతే. అదంతా ఎక్కించి లెక్క నడిపాను.

జవాబు మారలేదు. అసలు తలుపే తీయని గదికీ, రోజంతా తలుపు తీస్తూ మూస్తూ ఉన్న గదికీ దశాంశాలతో సహా ఒకటే ఉష్ణోగ్రత.

"లోపల అంత సరుకుంది కదమ్మా, ఆ వేడి పీల్చేసుకుంటది," అన్నారు సారు.

కొంచెమైనా మారి ఉంటే నమ్మేదాన్నేమో. బొత్తిగా మారకపోవడమే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

కంప్యూటరు కాలాన్ని అడుగులు వేస్తూ దాటుతుంది. ఆ అడుగునే మేం టైమ్ స్టెప్ అంటాం. అడుగు పడిన చోట తలుపు ఎలా ఉంటే, ఆ అడుగంతా అలాగే ఉందనుకుంటుంది. వాతావరణం వివరాలు మాకు గంటకొకటి వస్తాయి గనుక సారు అడుగూ గంటే పెట్టారు. పగలు ఎక్కి రాత్రి తగ్గే వేడికి అది చాలు. తలుపు మాత్రం గంట లోపలే తెరుచుకొని మూసుకుంటోంది. ఎనిమిదికి మూసి ఉంది, తొమ్మిదికి మూసి ఉంది, పదికీ మూసే ఉంది. లెక్క ఆ తలుపు తెరిచి ఉండగా ఒక్కసారీ చూడలేదు.

అడుగును ఇరవై నిమిషాలకు మార్చాను. ఈసారి మూడు అడుగుల్లో రెండు తెరిచిన తలుపు మీదే పడ్డాయి, గది మరీ వేడెక్కింది. అడుగును బట్టి జవాబు మారుతోందంటే రెంటినీ నమ్మలేం. ఐదు నిమిషాలు పెట్టాను. తీసే క్షణం, మూసే క్షణం సరిగ్గా అడుగు మీద పడ్డాయి. అందులో సగం పెట్టినా జవాబు దాదాపు కదల్లేదు. ఒక రోజు ఉష్ణోగ్రత గీత ముందురోజు గీత మీద అచ్చంగా కూర్చునేదాకా రోజులు నడిపించాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి చిన్న మిషను చేతులెత్తేస్తోంది. అలాగే కడితే గది వేడెక్కి ఎందరో రైతుల కాయ రంగు పోతుంది.

సోమవారం పెదనాన్న రానే వచ్చాడు. సారు కాగితాలు ముందుకు జరిపారు. నేను సీట్లోంచి లేచాను.

"ఆర్డరు పెట్టొద్దు పెదనాన్నా. అడుగు చిన్నది చేసి చూస్తే ఆ మిషను చాలడం లేదు," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమే, నీకు మాటలొచ్చా? మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పాల్సిందే."

"వాతావరణం వివరాలు మనకు గంటకొకటేగా. అంతకంటే చిన్న అడుగు దేనికమ్మా?" అన్నారు సారు.

"ఎండ మెల్లగా మారుద్ది సార్, మధ్యలోది ఊహించుకోవచ్చు. తలుపు అట్టా కాదుగా." పెదనాన్న వైపు తిరిగాను. "గంట కొట్టినప్పుడల్లా వచ్చి చూసి, తలుపు మూసే ఉంది, మీరు పనే చేయలేదని ముఠా వాళ్ల కూలి ఎగ్గొడతావా?"

"ఎగ్గొడితే ఊరుకుంటారా? నన్నే లోపలేసి తలుపు మూస్తారు."

"మన లెక్కా అట్టాగే గంటకోసారి చూసి, తలుపు తియ్యనే లేదనుకుంది."

సారు నవ్వలేదు. నా సీటు దగ్గరికొచ్చి, "నా ముందర ఇంకోసారి నడుపు," అన్నారు. నడిపాను. ఆయన అడుగును తనే ఇంకా తగ్గించి, మళ్లీ తగ్గించి చూశారు. గీత కదల్లేదు. కాగితాల మీద మిషను సైజు కొట్టేసి పెద్దది రాశారు. తర్వాత, "ఇక మీదట స్టెప్ ఎంతో ఈ అమ్మాయే చెప్పుద్ది," అన్నారు అందరికీ వినపడేలా.

సీజన్ వచ్చింది. కొత్త స్టోరేజీ గదిలో పెట్టిన థర్మామీటరు గీత ఒక సాయంత్రం ఫోనుకొచ్చింది. అప్పుడు సత్తెనపల్లిలో నరసరావుపేట బస్సెక్కి కూర్చున్నాను. నా గీత పక్కన పెట్టి చూశాను. తలుపు తీసిన ప్రతిసారీ అదే ఎక్కడం, మూసిన ప్రతిసారీ అదే దిగడం. మూడింటికి కూడా గది చల్లగానే ఉంది.

"ఏందమ్మాయ్, ఫోన్ చూసి అట్టా నవ్వుతున్నావు? సంబంధం కుదిరిందా?" అంది పక్క సీటావిడ.

"లేదు పిన్నీ. ఒక తలుపు సంగతి."

"ఏం తలుపు?"

ఆమెకు మొదటినుంచీ చెప్పాను. చేతులు తిప్పుతూ, ముందు సీటు వీపు మీద వేలితో గీత గీసి మరీ చెప్పాను. ఆమె మధ్యమధ్య "మరి ఇరవై నిమిషాలప్పుడు?" అని అడుగుతూనే ఉంది. చివరికి కండక్టరు ఆవిడను చూసి అరిచాడు: "అమ్మా, మీ స్టాపు దాటి చానాసేపైంది."