వంత లేని పాట

ఎనభైల మొదట్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కూలికి పోయేదాన్ని. సమ్మె చేసినప్పుడు మా తోటి కూలీ హుసేనన్న పాట కట్టాడు. “దుమ్ము మింగిందెవరప్పా?” అని ఆయన గొంతెత్తితే “మేమే!” అని మేమంతా వంత అందుకునేవాళ్లం.

నెల తిరిగేసరికి మా ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవలేదు. తలలు వంచుకొని తిరిగి పనికొచ్చాం.

మేనేజరు గేటు దగ్గరే ఆపాడు. “హుసేనూ, ఆ పాట ఇప్పుడు పాడు సూద్దాం. వంత పాడినోళ్లెవరికీ ఈడ పనుండదు” అన్నాడు.

“దుమ్ము మింగిందెవరప్పా?” అని హుసేనన్న గొంతెత్తాడు.

నా చంకలో బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. నేను నోరు తెరవలేదు. ఎవరూ తెరవలేదు.

ఆయన మా ముఖాలు చూశాడు. “నేనే” అని తనే వంత పాడుకొని, వెనుదిరిగి వెళ్లిపోయాడు.

నాకు పని దక్కింది. తలుపు చప్పుడైతే “ఎవరప్పా?” అని అడగడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు.