బోర్డు వైపు తిరిగి చెప్పిన పాఠాలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. రిటైరైతే బరువు తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఐదు ప్రాంతంలో, నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో ఒక చిన్న బడిలో పనిచేసేవాణ్ని. మూడు, నాలుగు తరగతులకు ఒకటే గది, నేనొక్కణ్నే. ఒక తరగతికి బోర్డు మీద లెక్క రాస్తూనే, ఇంకో తరగతికి నోటితో పాఠం చెప్పేవాణ్ని. అలా చేయగలనని లోపల గర్వం కూడా.

మూడో తరగతిలో సునీతకు సరిగా వినపడదు. నా పెదవులు చూసి పాఠం పట్టుకునేది. నేను బోర్డు వైపు తిరగగానే లేచి వచ్చి, పక్కన నిలబడి, నా ముఖంలోకి చూసేది. పిల్లలు నవ్వేవాళ్లు. నాకు చిరాకు.

ఇలాంటి పిల్లల్ని చూడటానికి మండలం నుంచి అప్పుడప్పుడు ఒక టీచరమ్మ వచ్చేది. నా కూతురి వయసు. రాసేటప్పుడు మాట్లాడకుండా, పిల్లల వైపు తిరిగి చెబితే చాలు, సునీత ఇక్కడే చక్కగా చదువుతుందని అంది. తల్లికి కూడా ఆ సంగతి చెప్పమంది. తల ఊపాను.

మర్నాడు తల్లి రూతమ్మ కూలికి పోతూ బడి దగ్గర ఆగింది.

“టీచరమ్మ ఏమన్నది సార్?”

“పట్నంల చెవిటి పిల్లల హాస్టలున్నది. ఆడ చేర్పియ్యి.”

“గంత దూరమా? ఇంట్ల నాకే లెక్కలు నేర్పుతది సార్ గిది. నాకు చెవులుండి ఏం ఫాయిదా?” అని నవ్వింది.

నేను నవ్వలేదు.

“ఈడ్నే ఉంటే చదువు రాదా?”

“రాదు రూతమ్మా.”

“ఇగ నువ్వన్నంక ఏముంది సార్.”

హాస్టల్లో అందరూ చేతులతో మాట్లాడుకునేవాళ్లట. సునీతకు ఆ సైగలు రావు. అవి నేర్చుకునేలోపే బెంగతో జ్వరాన పడింది. రూతమ్మ పోయి తీసుకొచ్చేసింది. మా బడికి మాత్రం మళ్లీ పంపలేదు. ఎందుకు పంపుతుంది? చదువు రాదని సారే చెప్పాడు కదా. పిల్ల తల్లి వెంట కంది చేలకు పోయింది. నేను పిలిపించి ఉండొచ్చు. బడికీ ఆ ఇంటికీ మధ్య ఒక్క సందు. ఆ సందు దాటలేదు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? మిగతా పిల్లలు వెనకబడతారని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమా? కాదు. నా కూతురి ఈడు మనిషి నాకు పాఠం చెప్పడం నేర్పడమేమిటని, ఒక్క కూలివాళ్ల పిల్ల కోసం నేను మారడమేమిటని. అంతే. కారణం ఇంత చిన్నదని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టిందేమో.

మొన్న నారాయణఖేడ్ బస్టాండులో రూతమ్మ కలిసింది. సునీత పత్తి ఏరబోయిందట. “నువ్వైతే మంచికే చెప్పినవ్ సార్. మా నసీబే గట్లున్నది” అంది. కాదు అనాల్సింది. బస్సు వచ్చింది. ఎక్కాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. అయినా రాస్తున్నాను. సునీత నా బడిలోనే చదువుకోగలిగేది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. అది వాళ్ల నసీబు కాదు, నేను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.