పటాన్‌చెరు క్యాంటీన్‌లో చిక్కిన మాట

హైదరాబాదు నుంచి సంగారెడ్డి వైపు ఒక్కరోజులో వెళ్ళి రావాలనుకునేవాళ్ళు నన్ను దారి అడుగుతుంటారు. ఆ దారిలో నేను చాలాసార్లు తిరిగాను గానీ, మొదటిసారి వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. అవి డెబ్భైల చివరి రోజులు. కోఠిలో ఒక రేడియో రిపేరు షాపులో పనిచేసేవాణ్ణి. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళ పెట్టెల్లో చిన్న క్యాసెట్ రికార్డర్లు అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగుతున్నాయి. మా అక్క భర్త సుబ్బారావు బావ తెనాలి నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. ఒక సాయంత్రం షాపు మూసే వేళకి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"రేపు పొద్దున నువ్వు మా ఫ్యాక్టరీకి రావాలిరా. మా బాయిలర్ దగ్గర పనిచేసే నర్సింలు మీద విచారణ. సూపర్వైజరు క్యాంటీన్‌లో గిన్నెల వెనకాల రికార్డరు దాచిపెట్టాడంట. అందులో నర్సింలు బాయిలర్ పేలుస్తానని బెదిరించినట్టు ఉందంటున్నారు. నెలరోజులుగా సస్పెన్షన్‌లో ఉన్నాడు. రేపు తేలకపోతే ఉద్యోగం పోతుంది, ఆపైన పోలీసు కేసు. అతని తరఫున మాట్లాడేది నేనే. టేపుల సంగతి నాకేం తెలుసు?"

పొద్దున్నే స్పిరిట్ సీసా, దూది, సన్న స్క్రూడ్రైవరు, ఇయర్‌ఫోను, ఒకటి రెండు ఖాళీ పిన్నులు సంచిలో వేసుకుని గౌలిగూడలో ఆరున్నర బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయల లోపే. కూకట్‌పల్లి దాటాక బొంబాయి రోడ్డుకి అటూ ఇటూ జొన్నచేలు, మధ్యమధ్య కొత్తగా లేచిన ప్రహరీగోడలు. రామచంద్రాపురంలో సగం బస్సు ఖాళీ అయింది. కండక్టరు నా సంచి వంక చూసి, "కొత్తగ నౌకరీల చేరుతున్నవా?" అని అడిగాడు. కాదు, ఒకరి నౌకరీ నిలబెట్టడానికి వెళ్తున్నానని ఫ్యాక్టరీ పేరు చెప్పాను. "అయితే జల్దీ దిగు, గేటు కాడనే ఆపుత," అని స్టాపు కాని చోట ఈల వేశాడు. ఎనిమిదింపావు అయింది.

ఫ్యాక్టరీ ఎదుట చాయ్ హోటల్లో బావ పక్కన నర్సింలు కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సంగారెడ్డి అవతల వాళ్ళకి రెండెకరాల చేను ఉండేదట. చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. టేపులోని మాటలంటూ ఆఫీసు వాళ్ళిచ్చిన నకలు, ఇంగ్లీషులో.

"నేను తెలుగు సదువుత, జెరంత ఉర్దూ సదువుత. నేనన్న మాటలే నాకు తెల్వని భాషల కొట్టిచ్చిండ్రు. టేపు ఇనిపియ్యమంటే ఇనిపియ్యలే. గదేం ఇన్సాఫ్ తమ్మీ?"

"మీరేమన్నారో గుర్తుందా?"

"బాయిలర్ల ఒత్తిడి జూపెట్టే గేజు ఖరాబైంది. పది దినాల సంది జెప్తనే ఉన్న. గదే అన్నుంట. నెల కింద అన్న మాట అక్షరం అక్షరం ఎవలికి యాదుంటది?"

పదకొండు గంటలకి ఆఫీసు గదిలో విచారణ మొదలైంది. విచారణాధికారి రిటైరైన మున్సిఫ్, మెదక్ జిల్లా మనిషే. టేపు వినిపించకుండా కాగితం ఒక్కటే చూసి తీర్పు చెప్పలేనని మొదటే అన్నాడు. "దొంగ సంతకం ఎట్ల పట్టాల్నో నాకు ఎరుక. ఈ డబ్బా సంగతి ఏ కోర్టుల నేను నేర్వలే. చెవులతోని ఇనాలె," అన్నాడు. గుమాస్తా ఆఫీసు రికార్డర్లో క్యాసెట్టుని నకలు రాసిన చోటికి తిప్పి పెట్టాడు. గిన్నెల మోత, నవ్వులు, నీళ్ళలో మునిగినట్టున్న మాటలు. ఆ మధ్యలో నర్సింలు గొంతు. నిజం చెప్పాలంటే నాకూ "బాయిలర్ పేలుస్తా చూడు" అనే వినిపించింది. బావ నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. ఇంత దూరం వచ్చింది ఇతని మెడకి ఉరి బిగించడానికా అనిపించింది.

అప్పుడు తట్టింది. ఆ టేపులో మొత్తం మీద ఎవరి నోటా "స" సరిగ్గా పలకడం లేదు. మరి "పేలుస్తా"లో నాకెలా వినబడింది? కాగితంలో ఆ బెదిరింపుని ముందే చదివాను కాబట్టి, లేని "స"ని నా చెవే నింపుకుంది. లేచి నిలబడి, ఇది సూపర్వైజరు రికార్డు చేసిన మిషనేనా అని అడిగాను. కాదు, అది ఆయన ఇంట్లో ఉందన్నారు. ఒక మిషన్‌లో రికార్డయిన క్యాసెట్టుని ఇంకో మిషన్‌లో పెట్టినప్పుడు, లోపల టేపుని చదివే హెడ్డు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా సన్నటి శబ్దాలు మొద్దుబారిపోతాయి. అధికారి అనుమతి తీసుకుని మూత తెరిచాను. హెడ్డు నిండా గోధుమరంగు మడ్డి. స్పిరిట్‌తో తుడిచి, టేపు నడుస్తుండగానే పక్క స్క్రూని కొద్దికొద్దిగా తిప్పాను. నీళ్ళలోంచి మనిషి పైకి తేలినట్టు గొంతులు ఒక్కసారి తేటపడ్డాయి.

అధికారి క్యాంటీన్‌లో వంట చేసే లక్ష్మమ్మని పిలిపించాడు. ఆమెకి కాగితం చూపించలేదు, కేసు సంగతీ చెప్పలేదు. విని, వచ్చింది వచ్చినట్టు అనమన్నాడు. ఆమె పిండి చేతులు కొంగుకి తుడుచుకుని వింది.

"'బాయిలర్ పేల్తది, సూడు' అంటుండు సార్. పాపం, పేల్తది అని బుగులు పడుతుండు. ఇందుల ఏమున్నది?"

మళ్ళీ రెండుసార్లు వేశాం. "సూడు"లో "స" కత్తిలా వినిపిస్తోంది, ముందు మాటలో దాని జాడ లేదు. చివరి "ది" వినబడకుండా దాని మీద ఎవరో పళ్ళెం పడేసిన మోత. నకలు రాసింది మా కోస్తా వైపు నుంచి వచ్చిన ఆ గుమాస్తాయే, ఇక్కడి యాసకి కొత్త. అతను మొహం ఎర్రబడి, "నాకు అలాగే వినిపించిందండీ," అన్నాడు. అబద్ధం కాదు. గంట క్రితం నాకూ అలాగే వినిపించింది.

సూపర్వైజరు ఒప్పుకోలేదు. ముందు మాటలు కూడా వింటే గేజు సంగతో, బెదిరింపో తేలుతుందన్నాడు. అక్కడ నర్సింలు లేచాడు.

"అద్దు సార్. గందుల మా ఇంటి ముచ్చట ఉన్నది. దోస్తుకు జెప్పుకున్న. నౌకరీ పోతె పాయె, గది అందరి ముంగట ఎయ్యకుర్రి."

అధికారి కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, ఇయర్‌ఫోను ఉందా అని నన్నడిగాడు. ఉంది. మిగతావాళ్ళందరినీ బయటికి పంపి, తానొక్కడే చెవికి పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. మీటలు నొక్కింది నేనే అయినా ఒక్క ముక్క నాకు వినబడలేదు. ఆ ఇంటి ముచ్చటేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అందరినీ లోపలికి పిలిచి ఆయన చెప్పాడు. "ఇంటి ముచ్చట అయినంక గేజు ముచ్చటనే ఉన్నది. ఈయన బెదిరియ్యలే, జాగర్త అని హుషార్ జేసిండు." ఇంటి మాటలకీ కేసుకీ సంబంధం లేదని రాసి, సూపర్వైజరు, నర్సింలు ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, ఆ భాగం చెరిపెయ్యమన్నాడు. కొత్త శబ్దమేదీ పడకుండా మైకు రంధ్రంలో ఖాళీ పిన్ను గుచ్చి, పాత మాటల మీద రికార్డు మీట నొక్కాను. నాలుగు నిమిషాలు. చక్రాలు తిరుగుతున్నంత సేపూ నర్సింలు రెప్ప వెయ్యలేదు. అయిపోయాక గట్టిగా ఊపిరి వదిలి, కుర్చీలో కూలబడి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఆకలేసింది.

ముగ్గురం సంగారెడ్డి బస్సెక్కాం. అరగంట ప్రయాణం. బస్టాండు పక్క హోటల్లో జొన్నరొట్టె, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ తిన్నాం. నర్సింలు మూడు రొట్టెలు అడిగి మరీ వేయించుకున్నాడు. నన్ను అయిదు గంటల బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "ఇంటికి పోయి ఏం జెప్పాల్నో సమజైతలే తమ్మీ. నవ్వస్తనే ఉన్నది," అన్నాడు. మరుసటి వారం పనిలోకి తీసుకున్నారు. గేజు కూడా మార్చారని బావ ఉత్తరం రాశాడు.

యంత్రం ఆ రోజు అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. పలికిన మనిషికే తన మాట వినే వీలు లేకుండా, ఎవరో రాసిన కాగితం ఒక్కటే చేతికివ్వడంతో నెలరోజులు ఒక ఇల్లు నలిగిపోయింది. ఆ అధికారి చెవికి ఇయర్‌ఫోను పెట్టుకోకపోతే, ఉద్యోగం దక్కినా నర్సింలు తలెత్తుకుని ఇంటికి వెళ్ళేవాడు కాడు. అంత పెద్ద చిక్కు అంత చిన్న మర్యాదతో వీడిపోయిందని తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ గుండె తేలికవుతుంది. ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. దారిలో ఎవరి మాటలైనా రికార్డు చేసుకోవాలంటే ముందు వాళ్ళనే అడగండి. రాసుకున్నాక బస్సెక్కే లోపు ఆ ఊరివాళ్ళకే ఒకసారి చదివి వినిపించండి.