ఒక చప్పట ఆలస్యంగా

కొండలను నిలబెట్టి, వాటి మీద పొగమంచు పరిచి, ఆ మంచులో మనం ఎక్కడ నిలుచున్నామో మరచిపోని దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి ఇంత సంతోషంగా రాయగలిగేదాన్ని కాదు.

నాకు దయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. చనిపోయినవారు దేవుని చేతిలో ఉంటారని, మన మెట్ల మీద తిరగరని సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు మా సంఘం పిల్లలకు నేనే అది నేర్పుతున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను, ఒక్క ముక్క కలపను.

మేం సింగపూర్ పడమటి చివర, జురాంగ్ వెస్ట్‌లో ఉంటాం. నేను, మా ఆయన ప్రకాశ్, పదిహేనేళ్ల మా అమ్మాయి కెరెన్. ఆదివారం ఆరాధనకు రైల్లో ఆ చివరన ఉన్న బెడోక్ దాకా వెళ్తాం. అక్కడ ఒక అద్దె హాల్లో నలభై మంది తెలుగువాళ్లం కూడుకుంటాం.

అందులో అందరికన్నా పెద్ద యోసేపు అంకుల్. మలేషియా రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగాయన. వయసులో సింగపూర్ వచ్చి, ఓడలు బాగుచేసే యార్డులో ముప్పై ఏళ్లు సుత్తి కొట్టారు. ఆ మోతకు చెవులు దాదాపు పోయాయి. పాట వినబడదు కాబట్టి మా చేతులు చూసి చప్పట్లు కొడతారు. అందుకే ఆయన చప్పట ఎప్పుడూ మా అందరిదీ అయిపోయాక ఒంటరిగా పడుతుంది. అరచేతులు గిన్నెల్లా వంచి కొడతారు, డబ్‌మని బోలుగా మోగుతుంది.

కెరెన్ చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని అలాగే కొట్టడం నేర్చుకుంది. దాన్ని తాళంలోకి తేవడానికి నాకు ఏడాది పట్టింది.

జూన్ సెలవుల్లో బల్గేరియా వెళ్లాం. క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని పది రోజులు కొండల్లో తిరగాలన్నది ప్రకాశ్ మూడేళ్ల కోరిక. బయల్దేరే ముందు ఆదివారం అంకుల్ ఒక డబ్బా నిండా నెత్తళ్ల సంబల్, అంటే ఎండుచేపల కారం, తెచ్చిచ్చారు. "అక్కడ తినడానికి మకాన్ ఏం దొరుకుద్దో ఏమో మా, ఉంచుకో. రోజూ రాత్రి ఏడున్నరకి మీ ముగ్గురి పేర్లూ దేవుడికి గుర్తు చేస్తా" అన్నారు.

ఆ వ్యాన్ మా వంటగది కన్నా చిన్నది. ఒకరు కదలాలంటే ఇద్దరు కూర్చోవాలి. అయినా పెళ్లయ్యాక మేం అంతగా నవ్వుకున్న రోజులు లేవు. పొద్దున్నే తలుపు తీసి, ఎదుట కొండలు చూస్తూ ప్రార్థన చేసుకునేవాళ్లం. మధ్యాహ్నం అన్నంలోకి అంకుల్ సంబల్.

ఆరో రోజు ఒక కొండ మీద సరస్సు దాకా ఎక్కాం. దిగేటప్పుడు దారి రెండుగా చీలింది. అక్కడ ఒక పెద్దాయన గొర్రెలను తోలుకొస్తున్నాడు. నేను కుడి దారి చూపించి "పార్కింగ్?" అని అడిగాను. ఆయన తల కిందికీ పైకీ గట్టిగా ఊపాడు. మేం థాంక్స్ చెప్పి కదిలితే ఇంకా గట్టిగా ఊపుతూ ఏదో అరిచాడు. ఎంత మంచివాడో అనుకుని చెయ్యి ఊపాం.

ఆ దేశంలో తల అలా ఊపితే 'కాదు' అని. వ్యాన్ ఇచ్చినావిడ మొదటి రోజే చెప్పింది, ముగ్గురం మరచిపోయాం. పుట్టినప్పటి నుంచి తల పక్కకు ఊపి 'సరే' అనే మనకే అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది!

పది నిమిషాల్లో పొగమంచు కమ్మేసింది. కెరెన్ ఎప్పటిలాగే ముందు నడుస్తోంది. "ఆగవే" అన్నాను. "ఐయామ్ హియర్ ఓన్లీ లా, అమ్మా!" అంది, సింగపూర్ వాళ్ల 'లా' తగిలించి. మళ్లీ పిలిస్తే జవాబు లేదు.

గాలి మా అరుపులను నోటి దగ్గరే లాగేసుకుంటోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. ప్రకాశ్ పరుగెత్తబోతే ఆయన బ్యాగు పట్టుకుని ఆపాను. ముందు నేల ఉందో లేదో కూడా తెలియడం లేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఏం చేయాలో తోచక, పాటకు కొట్టినట్టు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను.

నా ప్రతి చప్పటకూ, కాస్త ఆలస్యంగా, ఎడమ వైపు నుంచి ఇంకో చప్పట పడింది.

"ఎకో" అన్నాడు ప్రకాశ్. నేను చేతులు ఆపేశాను.

అది ఆగలేదు. డబ్. డబ్. బోలుగా, తాళం తప్పి.

దారి వదిలి, గడ్డిలో పడి అటు నడిచాం. ఎలా తెగించామో ఇప్పటికీ తెలియదు. పావుగంటకు తెలుపు, నీలం చారలు వేసిన దారి గుర్తు రాయి కనబడింది. దాని పక్కన కెరెన్ నిలబడి ఏడుస్తోంది. వచ్చి వాళ్ల నాన్నను చుట్టేసుకుంది.

"డాడీ, వై యు క్లాప్ సో లేట్? జస్ట్ లైక్ యోసేపు అంకుల్!"

ఆయన పేరు అప్పటిదాకా నేను పైకి అనలేదు. ప్రకాశ్ రెండు చేతుల్లోనూ నడిచే కర్రలున్నాయి. కెరెన్ చేతులకు ఉన్ని గ్లవ్స్, కొట్టినా మోగవు.

మంచు విడిపోయాక వెనక్కి చూశాం. మేం పోతున్న కుడి దారి కొంత దూరంలో విరిగిపడి ఉంది. కింద అంతా రాళ్లే. ఆ చప్పుడు విని తాను వెనక్కి తిరిగింది ఆ అంచుకు ఇరవై అడుగుల ఇవతలేనని కెరెన్ చూపించింది. ఆ రాయి దగ్గర తీసిన ఫొటోలో టైము మధ్యాహ్నం రెండు నలభై. సింగపూర్‌లో రాత్రి ఏడు నలభై.

తిరిగొచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే బెడోక్ హాకర్ సెంటర్‌కు వెళ్లాం. అంకుల్ అక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి మాకు టేబుల్ ఆపి ఉంచారు. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు.

"బాత్రూంలో జారా మా, మీరెళ్లిన మూడోనాడు. నీకు చెప్పొద్దని మనవాళ్లకి చెప్పా. చెప్తే ఆ బండిలో కూర్చుని ఏడుస్తావ్."

అంటే ఆ రోజు ఆయన చప్పట్లు కొట్టే స్థితిలోనే లేరు.

కెరెన్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వచ్చీరాని తెలుగులో అంతా చెప్పింది. అంకుల్ కాఫీ కప్పు పక్కకు జరిపారు. తర్వాత అడిగారు.

"లేటుగా పడిందా?"

"లేటే, అంకుల్."

"అయితే నేనే లా!" అని పెద్దగా నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆయనే మెల్లగా అన్నారు, "నేను చేతులు చూసి కదా మా కొడతా. ఆ మంచులో నీ చేతులు ఎవరు చూశారు?"

ఆ మంచులో నా చేతులు నాకే సరిగా కనబడలేదు. మా పాస్టర్ గారిని అడిగితే, దేవుడు చెప్పని చోట మనం కల్పించి చెప్పకూడదన్నారు. అది ప్రతిధ్వనో, దేవదూతో, ఇంకేమో ఈ రోజు వరకు నాకు తెలియదు.

అంకుల్ కట్టు విప్పేశారు, కానీ ఎడమ చేతి వేళ్లు ఇంకా వంగడం లేదు. పాటల వేళ చేతులు ఒళ్లో పెట్టుకుని మా చేతుల వంక చూస్తూ కూర్చుంటున్నారు. అందుకే ఇది చదివినవారు, ఉన్నచోటే ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి.

ప్రభువా, ఆ మంచులో మా చేతులు చూసినవాడా, మా యోసేపు అంకుల్ చేతిని బాగుచేయి. ఆయన చప్పట మాకు మళ్లీ వినిపించు.

ఆమేన్ మీరు చెప్పండి. కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.