మంచం కింద నుంచి చూసిన కాళ్లు

నేను ఆదోని కోర్టులో టైపిస్టుగా ఉన్నప్పుడు, దేవనకొండ వైపు నుంచి ఒక కూలి అవ్వ ప్రతి వాయిదాకూ వచ్చేది. ఊరి భూస్వామి ఆక్రమించుకున్న తమ భూమిని తాము దున్నుకున్నందుకు ఆమె భర్తనూ ఇద్దరు కొడుకులనూ ఇంట్లోనే నరికి చంపారు. ఎవరు ఎదురైనా ఆమె ముందు కాళ్లు చూసి, తర్వాతే ముఖం చూసేది.

"ముఖాలకు గుడ్డలు కట్టుకున్నోళ్లను ఎట్ల గుర్తుపట్టినావు?" అన్నాడు ముద్దాయిల లాయరు.

"మంచం కింద దాక్కున్న్యా సామీ. కాళ్లే కనపడినాయి. ఆడ నిలబడిన ఆయప్ప కాలికి ముల్లు ఇరిగితే కోసి తీసింది నేనే. ఆ మచ్చ ఇంగా ఉంది."

ముద్దాయి తన పాదాన్ని వెనక్కి లాక్కున్నాడు.

నలుగురికి యావజ్జీవం పడింది. బయట "ఇంక నిమ్మళంగా ఉండవ్వా" అన్నాను.

"పారిపోయినోళ్లు ఇంగా ఇద్దరుండారప్పా. వాళ్ల వాయిదా ఎప్పుడు?" అని అడిగింది.